ఇంట్లోనే చిన్న బైకు, 5వ పాఠం: కార్బరేటర్‌ని దారికి తేవడం

కిందటి పాఠంలో ఇంజన్‌ని ఫ్రేములో కూర్చోబెట్టి, కిక్ కొడితే స్టార్ట్ అయ్యేదాకా వచ్చాం. ఇప్పుడు గాలినీ పెట్రోలునీ కలిపి ఇంజన్‌కి పంపే కార్బరేటర్ పని. స్టార్ట్ అయిందని రేసు పెంచి చూడొద్దు, ఇంకా పనుంది. పాత 97.2 సీసీ ఇంజన్‌కి ఉన్న పెద్ద ఫిల్టర్ డబ్బా తీసేసి చిన్న కోన్ ఫిల్టర్ పెట్టాం, పొడుగు సైలెన్సర్ బదులు పొట్టిది బిగించాం. గాలి ఇప్పుడు తేలిగ్గా వచ్చిపోతుంది. పెట్రోలు మాత్రం కార్బరేటర్లోని పాత జెట్టు (పెట్రోలు పారే సన్న రంధ్రమున్న ఇత్తడి ముక్క) వదిలినంతే వస్తుంది. పైగా ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్, దాన్నే ఈ20 అంటారు. మామూలు పెట్రోలు బరువుకి 14.7 రెట్ల గాలి కావాలి, ఈ20కి దాదాపు 13.5 రెట్లు చాలు. అంటే అదే గాలికి పెట్రోలు ఎక్కువ పోయాలి. ఇవన్నీ కలిస్తే మిశ్రమంలో పెట్రోలు తగ్గుతుంది, హెడ్ (సిలిండర్ పైమూత) కాలిపోతుంది, చివరికి పిస్టన్ పట్టేస్తుంది.

జెట్లు కొనే ముందు మూడు చూడాలి. చాలామంది ఇక్కడే తొందరపడి, వేరేచోట ఉన్న తప్పుకి జెట్లు మారుస్తూ పోతారు.

ముందు పెట్రోలు ధార. కార్బరేటర్ దగ్గర పైపు పీకి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, సీసాలోకి ఒక నిమిషం వదలండి. ఇంత చిన్న ఇంజన్ ఫుల్ రేసులో కూడా నిమిషానికి 50 మి.లీ. లోపే తాగుతుంది. సీసాలో 150 మి.లీ. పడితే బేఫికర్. తక్కువైతే కాకు (ట్యాంకు కింది పెట్రోలు కుళాయి) జాలీ కడగండి. ట్యాంకు టోపీ బిగించినప్పుడు ధార సన్నబడుతూ, వదులు చేయగానే పెరిగితే టోపీలోని గాలి రంధ్రం పూడిందన్నమాట. పది నిమిషాలు బాగా నడిచి ఆగిపోయే బళ్లలో చాలావాటి జబ్బు ఇదే.

రెండోది దొంగగాలి, అంటే జాయింటు సందుల్లోంచి దూరే గాలి. కార్బరేటర్‌ని హెడ్‌కి పట్టే రెండు బోల్టుల్ని బలంకొద్దీ బిగిస్తే అంచు వంగుతుంది, మధ్యలో సందు పడుతుంది. అంచు మీద స్టీలు స్కేలు నిలువుగా పెట్టి వెలుతురుకి ఎదురుగా చూడండి. సందులోంచి వెలుగు కనబడితే, అద్దం పలక మీద 400 నంబరు ఉప్పుకాగితం పరిచి, అంచుని గుండ్రంగా తిప్పుతూ సమానమయ్యేదాకా రుద్దండి. ఓ-రింగు కొత్తది వేయండి. మధ్యలో ఉండే నల్ల ఇన్సులేటర్ ముక్కని పారేయొద్దు, అది లేకపోతే హెడ్ వేడికి బౌల్లో (కార్బరేటర్ అడుగున పెట్రోలు నిలిచే గిన్నెలో) పెట్రోలు మరుగుతుంది. బిగించాక ఐడిలింగ్‌లో (యాక్సిలరేటర్ తిప్పకుండా ఇంజన్ నడుస్తున్నప్పుడు) జాయింటు చుట్టూ సబ్బునీళ్లు చల్లండి. ఇంజన్ చప్పుడు మారితే ఇంకా లీకు ఉన్నట్టే.

మూడోది టాపెట్ సందు, అంటే వాల్వుకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య సందు. ఇంజన్ పూర్తిగా చల్లారాక, మీ ఇంజన్ మాన్యువల్లో ఉన్న అంకెకి ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్న రేకులతో) పెట్టండి. ఇంతకన్నా చెప్పడానికేం లేదు.

ఇక అసలు పని. ఏ జెట్టు ఎప్పుడు పనిచేస్తుందో చెప్పేది ఇంజన్ వేగం కాదు, మీరు తిప్పిన యాక్సిలరేటర్. పిడి మీద, పక్కనున్న స్విచ్ డబ్బా మీద తెల్ల టేపు చుట్టి పావు, సగం, ముప్పావు, ఫుల్ అని గీతలు గీసుకోండి. పావులో సగం దాకా స్లో జెట్టు, మిక్చర్ స్క్రూ. అక్కణ్నుంచి పావు దాకా స్లైడు (యాక్సిలరేటర్ తిప్పితే పైకి లేచే ముక్క) కింది కోత. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్ (స్లైడుకి వేలాడే సూది). ఆపైన మెయిన్ జెట్టు.

మెయిన్ జెట్టుతో మొదలెట్టి కిందికి రండి, ఎందుకంటే దాని ప్రభావం కింది వాటి మీదా కొంత పడుతుంది. ఖాళీగా ఉన్న వెంచర్ రోడ్డు దొరికితే, యజమానిని అడిగి, హెల్మెట్ పెట్టుకుని మూడో గేర్లో ఫుల్ యాక్సిలరేటర్ ఇవ్వండి. కాస్త వెనక్కి తిప్పగానే బండి ముందుకి ఊపందుకుంటే పెట్రోలు చాలట్లేదు, జెట్టు ఒక సైజు పెంచండి. బండి బరువుగా, గడగడలాడుతూ లాగితే ఎక్కువైంది, ఒక సైజు దించండి. కొత్త ప్లగ్గు వేసి ఫుల్‌లో పరుగెత్తించి, క్లచ్ పట్టి అక్కడికక్కడే ఇంజన్ ఆపి, ప్లగ్గు విప్పి చూడండి. పింగాణీ అడుగున, లోపలి మొదట్లో రంగు ముఖ్యం. లేత గోధుమ రంగైతే సరి. తెల్లగా సున్నం కొట్టినట్టుంటే వెంటనే జెట్టు పెంచండి, అలా మరో రౌండు కొట్టొద్దు. ఒక కంపెనీ జెట్టు మీది అంకెని ఇంకో కంపెనీ అంకెతో పోల్చకండి: మికునిలో అంకె పెట్రోలు పారే లెక్క, కెయిహిన్‌లో రంధ్రం కొలత.

నీడిల్‌కి పైన గాళ్లలో చిన్న క్లిప్పు ఉంటుంది. క్లిప్పు కిందికి దించితే నీడిల్ పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది. సగం యాక్సిలరేటర్‌లో బండి జెర్కులిస్తుంటే ఒక గాడి దించండి. మొద్దుగా నడిస్తే ఒక గాడి పైకి.

చివరగా మిక్చర్ స్క్రూ. అది ఫిల్టర్ వైపు ఉంటే గాలి స్క్రూ, విప్పితే గాలి పెరుగుతుంది. ఇంజన్ వైపు ఉంటే పెట్రోలు స్క్రూ, విప్పితే పెట్రోలు పెరుగుతుంది. ఈ తేడా చూడకుండా తిప్పేవాళ్లు గంటలు వృథా చేస్తారు. మెల్లగా ఆనేదాకా బిగించి (బలంగా బిగిస్తే మొన చెడుతుంది) ఒకటిన్నర చుట్లు విప్పండి. ఇంజన్ బాగా వేడెక్కాక పావు చుట్టు చొప్పున తిప్పుతూ, ఐడిలింగ్ అన్నిటికన్నా పైకి వచ్చేచోట ఆపి, ఐడిల్ స్క్రూతో నిమిషానికి 1400 చుట్ల దగ్గరికి దించండి. గాలి స్క్రూ అర చుట్టులోపే బాగుందంటే స్లో జెట్టు చిన్నది, మూడు చుట్లు దాటితే పెద్దది. పెట్రోలు స్క్రూకి దీన్ని తిరగేసి చదవండి.

ఒక్కసారికి ఒక్క మార్పే. మార్చిన ప్రతిసారీ తేదీ, ఎండ, జెట్టు అంకె, గాడి, చుట్లు నోటుపుస్తకంలో రాయండి. నెల్లూరులో ఎత్తు లెక్క అక్కర్లేదు గానీ ఎండ లెక్క కావాలి: పుష్యంలో తెల్లవారుజాము 20 డిగ్రీల గాలికన్నా రోహిణి కార్తెలో 42 డిగ్రీల గాలి సుమారు 7 శాతం పలచన. చలిలో సరిగ్గా కుదిరిన జెట్టు ఎండాకాలంలో కొంచెం మొద్దుగా అనిపించినా ఫర్వాలేదు, ఉంచేయండి. మండుటెండలో కుదిర్చింది మాత్రం చలికాలంలో పెట్రోలు చాలక హెడ్ వేడెక్కుతుంది, అందుకే మార్గశిరంలో ఒకసారి మళ్లీ ప్లగ్గు చూడాలి.

మైపాడు, కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్లలో ఇంకో జాగ్రత్త. ఇథనాల్ నీటిని పట్టుకుంటుంది, ఉప్పుగాలికి ఇత్తడి జెట్టు పచ్చగా చిలుమెక్కుతుంది. బండిని రెండు వారాలు తీయకపోతే కాకు కట్టేసి బౌల్ అడుగు స్క్రూ విప్పి పెట్రోలు దింపేయండి. కనిగిరి, పొదిలి వైపు మట్టిరోడ్లలో నూనె రాయని కోన్ ఫిల్టర్ వాడొద్దు, ధూళి పిస్టన్ రింగుల్ని నెలల్లో తినేస్తుంది.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చినవాటికి తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. కాబట్టి దీన్ని రోడ్డెక్కించొద్దు. ఇది సొంత స్థలంలో నడిపే బండే.

6వ పాఠం చైను, స్ప్రాకెట్ల లెక్క. 428 చైను, పళ్లు లెక్కపెట్టడానికి చాక్‌పీసు, పొడుగు స్టీలు స్కేలు సిద్ధం చేసుకోండి.