పొదిగిన రోజే పుంజును, పెట్టను వేరు చేసే చారల జత

కోడిపిల్ల పుంజో పెట్టో తెలియాలంటే మామూలుగా తల మీద జుట్టు ఎర్రబడే దాకా కొన్ని వారాలు మేత పెట్టి ఎదురుచూడాలి. తల్లిదండ్రులను సరిగా ఎంచుకుంటే, పిల్ల గుడ్డులోంచి బయటికి వచ్చిన రోజే నూగును చూసి ఆ సంగతి తేల్చవచ్చు. అందుకు ఆధారం బార్డ్ ప్లిమత్ రాక్ జాతి కోళ్ల ఈకల మీది తెలుపు, నలుపు అడ్డచారలు.

మనుషుల్లో బిడ్డ ఆడో మగో తేల్చేది తండ్రి క్రోమోజోము. కోళ్లలో ఆ పని తల్లిది. పుంజుకు రెండు జడ్ క్రోమోజోములు, పెట్టకు ఒక జడ్, ఒక డబ్ల్యూ ఉంటాయి. చారల జన్యువు ఉండేది జడ్ మీద మాత్రమే. అందువల్ల పెట్ట తన చారలను కొడుకులకే ఇవ్వగలదు. కూతుళ్లకు దక్కే ఒకే ఒక్క జడ్ తండ్రి నుంచి వస్తుంది. చారలకు లింగంతో ఉన్న ఈ ముడిని అమెరికా శాస్త్రవేత్త స్పిల్‌మన్ 1908లోనే వివరించాడు.

కాబట్టి చారలు పెట్టకు ఉండాలి, పుంజుకు ఉండకూడదు. చారల ప్లిమత్ రాక్ పెట్టల మీదికి చారలు లేని ఎర్ర జాతి అయిన రోడ్ ఐలాండ్ రెడ్ పుంజును వదలడం ఎప్పటినుంచో నమ్మకమైన పద్ధతి. దీన్ని తిరగేసి, స్వచ్ఛమైన చారల పుంజును ఎర్ర పెట్టలతో కలిపితే పిల్లలన్నీ చారలతోనే పుడతాయి, శ్రమ వృథా అవుతుంది. పెట్ట కడుపులో పాత పుంజు వీర్యం రెండు మూడు వారాలు నిలవ ఉంటుంది గనుక, ఆ పుంజును తీసేసి మూడు వారాలు గడిచాకే పొదిగించే గుడ్లు ఏరాలి.

ఇరవై ఒకటో రోజున పిల్లలు బయటికి వచ్చి నూగు పూర్తిగా ఆరాక, ఒక్కొక్కదాని తల వెనుక భాగాన్ని మంచి వెలుతురులో చూడాలి. నల్లని నూగు మధ్య చారల జన్యువుకు గుర్తుగా తెల్లని మచ్చ ఉంటే పుంజు, మచ్చ లేకపోతే పెట్ట. పెరిగాక పుంజులకు చారలు వస్తాయి, పెట్టలు నల్లగానే ఉండి మెడ, రొమ్ము దగ్గర ఎరుపు తేలుతాయి.

తెల్ల కోళ్లతో మాత్రం ఈ ప్రయత్నం చేయవద్దని నా సలహా. తెలుపు కింద చారల జన్యువు కనిపించకుండా దాగి ఉండవచ్చు. వైట్ లెగ్‌హార్న్ కోళ్లలో ఇది మామూలే. చూడటానికి చారల్లాగే ఉండే గీతలన్నీ ఈ జన్యువువే కావు. గోల్డెన్ క్యాంపైన్ కోళ్ల అడ్డగీతలకు కారణం వేరే జన్యువులు, వాటికి లింగంతో ముడి లేదు. అందుకే జాతి స్పష్టంగా తెలిసిన పెట్టలనే కొనాలి.

ఇలా పుట్టిన పుంజుల్లో చారల జన్యువు ఒక్క జడ్ మీదే ఉంటుంది. వాటిని తోబుట్టువులైన నల్ల పెట్టలతో జత చేస్తే కొడుకుల్లో సగం, కూతుళ్లలో సగం చారలతో వస్తాయి కాబట్టి తల మీది మచ్చకు ఇక అర్థం ఉండదు. ప్రతిసారీ స్వచ్ఛమైన చారల పెట్టలతోనే, చారలు లేని పుంజుతోనే కొత్తగా జత కట్టించాలి.