డిసెంబర్‌లో లేక్ డిస్ట్రిక్ట్ నడకా? ఒంటిగంటకు వెనక్కి తిరగండి

ఇంగ్లండ్ వాయవ్యాన కొండలూ సరస్సులూ ఉన్న ప్రాంతం లేక్ డిస్ట్రిక్ట్. అక్కడ కొండల మీద చిక్కుకున్నవాళ్లను కాపాడే మౌంటెన్ రెస్క్యూ టీంలు తాము వెళ్లిన కాల్స్ గురించి నాలుగు ముక్కలు తమ సైట్లలో రాసిపెడతాయి. డిసెంబర్, జనవరి నెలలవి వరసగా చదవండి. కాలు విరిగినవాళ్లు ఉంటారు, గుండెనొప్పి వచ్చినవాళ్లు ఉంటారు. వాళ్ల మధ్య మళ్లీ మళ్లీ కనిపించే కేసు ఇంకొకటి ఉంది. ఒంటికి ఏమీ కాలేదు, చీకటి పడింది, దారి తప్పారు, టార్చ్ లేదు, ఫోన్‌లో చార్జింగ్ అయిపోవస్తోంది. క్రిస్మస్ సెలవులకు బ్రిటన్‌లోని మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ప్లాన్లు చూస్తే నాకు టెన్షన్ పుట్టేది అందుకే.

ప్లాన్ ఇలా ఉంటుంది. తెల్లవారుజామున ఐదింటికి లండన్‌లో బయల్దేరడం, దారిలో ఎక్కడో ఆగి టిఫిన్, పదకొండున్నరకు లేక్ డిస్ట్రిక్ట్‌లోని కెస్విక్ ఊరు, పార్కింగ్ కోసం అరగంట తిరగడం, పన్నెండున్నరకు క్యాట్‌బెల్స్ కొండ ఎక్కడం మొదలు. చలికోట్లు, గ్లౌజులు, మంకీ క్యాపులు, పులిహోర డబ్బా అన్నీ సర్దుకుంటారు. వాటి గురించి నేను చెప్పక్కర్లేదు. ఎన్ని గంటలకు వెనక్కి తిరగాలన్నది మాత్రం ఎవరూ రాయరు.

వెలుతురు లెక్క

డిసెంబర్ మూడో వారంలో కెస్విక్‌లో ఎనిమిదిన్నర ప్రాంతంలో తెల్లవారుతుంది, నాలుగు కాకముందే పొద్దు గూకుతుంది. లోయల్లో అయితే సూర్యుడు ఇంకా ముందే కొండ వెనక్కి వెళ్లిపోతాడు. మబ్బు పట్టిన రోజు మూడున్నరకే రాయీ నీడా కలిసిపోతాయి. హైదరాబాద్‌లో జూన్ సాయంత్రానికీ డిసెంబర్ సాయంత్రానికీ తేడా గంట పైచిలుకు, అంతే. ఆ లెక్కకు అలవాటుపడిన మనకు, మొన్న జూన్‌లో ఇదే కొండ మీద రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుగు చూశామన్న జ్ఞాపకం కూడా తోడైతే మోసపోవడం తేలిక.

నడకకు ఎంత టైం పడుతుందో చూడటానికి 1892 నుంచీ ఒక సూత్రం వాడుకలో ఉంది. నైస్మిత్ అనే స్కాట్లాండ్ ఆయన చెప్పింది: 5 కిలోమీటర్లకు గంట, 600 మీటర్ల ఎత్తు ఎక్కడానికి ఇంకో గంట. క్యాట్‌బెల్స్ 451 మీటర్ల చిన్న కొండే. కింద నుంచి ఎక్కేది సుమారు 350 మీటర్లు, చుట్టు తిరిగి వస్తే ఐదున్నర కిలోమీటర్లు. సూత్రం ప్రకారం గంటా నలభై నిమిషాలు. ఆ సూత్రంలో ఫోటోలు లేవు, పిల్లలు లేరు, తడి రాళ్లు లేవు. మన గుంపులకు మూడు గంటలు వేసుకోండి. పన్నెండున్నరకు మొదలుపెడితే ఎక్కడ తేలతారో మీరే చూసుకోండి. పైగా శిఖరం దగ్గర చేతులు పెట్టి దిగాల్సిన రాతి మెట్లున్నాయి. వేల కాళ్లు పడి నున్నగా అరిగిపోయిన రాళ్లవి. ఎక్కేటప్పుడు సరదాగా ఉంటాయి. చీకట్లో, తడిలో, దిగేటప్పుడు ఉండవు.

అందుకే నా నియమం ఒకటే. ఉదయం తొమ్మిదిన్నరకల్లా నడక మొదలవ్వాలి. మధ్యాహ్నం ఒంటిగంటకు మీరు ఎక్కడుంటే అక్కడి నుంచి వెనక్కి. శిఖరం కళ్ల ముందు కనిపిస్తున్నా సరే. “అన్నా, ఇంతదూరం వచ్చాం, ఇంకో పావుగంటే” అని ఎవరో ఒకరు అంటారు. కొంపలు ముంచేది ఆ పావుగంటే. చలికాలంలో దిగడం మీరనుకున్నంత తొందరగా అవ్వదు, అప్పటికి మోకాళ్లు కూడా అలిసిపోయి ఉంటాయి. ఆ టైం బయల్దేరకముందే గ్రూపులో రాయండి, ఫోన్‌లో అలారం పెట్టండి. పైకెళ్లాక ఓటింగ్ వద్దు.

లండన్ నుంచి వచ్చిన రోజునే కొండ ఎక్కొద్దు. ముందురోజు రాత్రికి వచ్చి పడుకోండి.

ప్రశాంతత కావాలంటే

చలికాలంలో జనం ఉండరని, ప్రశాంతంగా ఉంటుందని వెళ్తాం. జనం ఉండరంటే మీరు దారి తప్పితే “అటు కాదండీ” అని చెప్పేవాళ్లు కూడా ఉండరు. ఆగస్టులో అయితే ముందున్న గుంపు వెనకాల నడిచిపోతే చాలు.

నన్నడిగితే మూడు రోజుల సెలవులో ఒక్క రోజు కొండ చాలు. మిగతా రెండు రోజులూ కిందే నడవండి. బటర్‌మియర్ సరస్సు చుట్టూ 7 కిలోమీటర్లు, దాదాపు చదును. లేదా ఇంకా దక్షిణాన, మాంచెస్టర్ దాటాక వచ్చే పీక్ డిస్ట్రిక్ట్‌కు వెళ్లండి. అక్కడ బేక్‌వెల్ దగ్గర మాన్సల్ ట్రెయిల్ పాత రైలు మార్గం, ఊరి నుంచి అమ్మానాన్న వచ్చి ఉంటే వాళ్లనూ తీసుకెళ్లొచ్చు. అక్కడి సొరంగాల్లో దీపాలు పగటిపూటే వెలుగుతాయి, చీకటి పడితే ఆర్పేస్తారు. కాబట్టి అక్కడా గడియారం చూసుకోవాల్సిందే.

ఇక మిగతావి

పల్లెల్లో క్రిస్మస్ రోజు బస్సులుండవు, రైళ్లూ ఉండవు. మర్నాడు ఉంటాయన్న నమ్మకం కూడా పెట్టుకోవద్దు.

కారులో దారి చూపే శాట్‌నావ్ దగ్గరి దారని హార్డ్‌నాట్ పాస్ అనే కనుమ దారి మీదికి పంపిస్తుంది. మూడు అడుగులకు ఒక అడుగు లేచే రోడ్డది. చలికాలంలో వెళ్లొద్దు.

ఫుట్‌పాత్ లేని పల్లె రోడ్డు మీద కుడివైపు, ఎదురొచ్చే బళ్లను చూస్తూ నడవండి. నల్లకోటు మీద మెరిసే జాకెట్ వేయండి.

జీన్స్ వద్దు. తడిస్తే ఆరవు, ఒంట్లో వేడి లాగేస్తాయి.

మనిషికో హెడ్‌టార్చ్. కుటుంబానికొకటి కాదు. ఫోన్ టార్చ్ లెక్కలోకి రాదు, చలికి బ్యాటరీ ఊరికే పడిపోతుంది, ఆ ఫోన్‌తోనే సాయం పిలవాలి.

లేక్ డిస్ట్రిక్ట్‌లోని హెల్వెలిన్ కొండ మీదికి చలికాలంలో రోజూ ఒక మనిషి ఎక్కి పైన మంచు, గాలి ఎలా ఉన్నాయో వెదర్‌లైన్ అనే వాతావరణ సైట్‌లో పెడతారు. అది చదవండి. కెస్విక్‌లో 5 డిగ్రీలుంటే 950 మీటర్ల పైన సున్నా కిందికి పోతుంది, గాలి సంగతి వేరే.

హెల్వెలిన్‌కు వెళ్లే కత్తి అంచులాంటి దారి స్ట్రైడింగ్ ఎడ్జ్. దాని రీల్స్ చూసి డిసెంబర్‌లో వెళ్లొద్దు. ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి), క్రాంపాన్లు (బూట్లకు కట్టుకునే ఇనప ముళ్లు) వాడటం రానివాళ్లకు చలికాలంలో అక్కడ పని లేదు.

ఇంగ్లండ్‌లో ఎత్తైన కొండ స్కాఫెల్ పైక్ నుంచి దిగేటప్పుడు మ్యాప్‌లో లేని అడ్డదారి పట్టొద్దు. పియర్స్ గిల్ అనే లోతైన వాగులోకి దిగి ఇరుక్కుపోయినవాళ్లు చాలామంది.

జలపాతాల దగ్గర తడి రాళ్లెక్కి ఫోటోలు వద్దు. 2024 ఏప్రిల్‌లో స్కాట్లాండ్‌లోని లిన్ ఆఫ్ టమ్మెల్ దగ్గర ఇద్దరు తెలుగు విద్యార్థులు నీళ్లలో పడి చనిపోయారు.

కాగితం మ్యాప్ ఉండాలి. గుంపులో ఒక్కరికైనా చదవడం రావాలి.

విజిల్ ఉండాలి. సాయం కావాలంటే నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదాలి.

ఎవరైనా మాట ముద్దగా మాట్లాడుతుంటే, ఊరికే తూలుతుంటే, అలసట అనుకోవద్దు, చలికి ఒళ్లు చల్లబడిపోతోందేమో (హైపోథెర్మియా) చూడండి. పొడి బట్టలు వేయించండి, తీపి ఏదైనా పెట్టండి, కిందికి దింపండి.

999 ఇక్కడి అత్యవసర నంబర్. ఎస్ఎంఎస్‌తో దాన్ని పిలవాలంటే ముందే రిజిస్టర్ కావాలి. ఇంట్లో ఉండగానే ‘రిజిస్టర్’ అనే మాట ఇంగ్లిష్‌లో 999కి పంపి, వచ్చే సూచనలు పాటించండి. ఫోన్ చేస్తే పోలీస్ అని అడిగి, తర్వాత మౌంటెన్ రెస్క్యూ అని చెప్పాలి. డబ్బులడగరు.

ఒంటిగంట. ఇంకోసారి చెబుతున్నా, ఒంటిగంటకు వెనక్కి.

ఎటు వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో బసలో చెప్పి వెళ్లండి. దిగగానే వచ్చేశామని వాళ్లకు ఫోన్ చేయండి. ఆ ఫోన్ చేయకుండా మీరు కార్లో హీటర్ వేసుకుని మాంచెస్టర్‌లో బిర్యానీకి బయల్దేరితే, అక్కడ మీకోసం పొద్దున ఉద్యోగానికి వెళ్లాల్సిన రెస్క్యూ వాలంటీర్లు చీకట్లో కొండెక్కుతుంటారు. 2021 ఫిబ్రవరిలో ప్యాటర్‌డేల్ టీం వాలంటీర్ ఒకాయన రెడ్ స్క్రీస్ కొండ మీద ఎవరికో సాయానికి వెళ్తూ 150 మీటర్లు జారిపడ్డాడు. వెన్నెముక దెబ్బతింది. కార్ ఎక్కగానే, సీట్ బెల్ట్ కంటే ముందు, ఆ ఫోన్.