ఒక్క ఫోల్డరే ఎన్‌ఏఎస్‌లోకి కాపీ కావడం లేదా? ముందు పేరు చూడండి

ఎన్‌ఏఎస్ అంటే ఫైళ్లు దాచుకోవడానికి నెట్‌వర్క్‌కు తగిలించే డిస్కుల పెట్టె. పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే నల్గొండ, మిర్యాలగూడ ఫోటో స్టూడియోల నుంచి ఇదే ఫోన్: "అన్నా, అన్ని ఫోల్డర్లు పోతున్నయి, ఇదొక్కటే పోతలేదు." నేను వెళ్లేసరికి డిస్కు నిండిందేమోనని పాత ఆల్బమ్‌లు డిలీట్ చేసి, పర్మిషన్లన్నీ బార్లా తెరిచి, కేబుల్ కూడా మార్చేసి ఉంటారు.

ఇవేవీ చేయకముందు ఆ ఫోల్డరు పేరు "1" అని మార్చి పంపండి. పోయిందా? డిస్కు, పర్మిషన్, కేబుల్ అన్నీ బాగున్నట్టే. లోపలి ఫైల్ దగ్గర ఆగితే దాని పేరూ అలాగే మార్చి చూడండి. అర నిమిషం పని, ఎవరూ చేయరు.

పేరు పొడవును విండోస్ గుర్తుల లెక్కన చూస్తుంది, 255 వరకు. ఎన్‌ఏఎస్‌లలో విండోస్ బదులు ఎక్కువగా ఉండే లైనక్స్‌కూ హద్దు 255యే, కానీ అది లెక్కపెట్టేది బైట్లు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో అక్షరం, గుణింతం, సున్న దేనికది 3 బైట్లు; ఒత్తు పడితే 6. "నల్గొండ" అంటే 21 బైట్లు.

అయినా 255 దాటే పేర్లు ఎవరు పెడతారు? నిజమే. అసలు దొంగ, ఇతరులు చదవకుండా డేటాకు తాళం వేసే ఎన్‌క్రిప్షన్. సైనాలజీ కంపెనీ ఎన్‌ఏఎస్‌లో షేర్డ్ ఫోల్డరును ఎన్‌క్రిప్ట్ చేస్తే పేరు కూడా ఎన్‌క్రిప్ట్ అయి లోపల పొడుగవుతుంది. అందుకని మనకు మిగిలేది 143 బైట్లే, అంటే 47 తెలుగు గుర్తులు. "మిర్యాలగూడ ఫంక్షన్ హాల్ రిసెప్షన్ ఫోటోలు కొత్త ఫైనల్" లెక్కేయండి: 46 గుర్తులకు 138, ఖాళీలకు 6, మొత్తం 144. ఒక్క బైటు ఎక్కువై ఆగిపోతుంది. "కొత్త" తీసేస్తే 128, హాయిగా పోతుంది. పెట్టె బిగించినవాళ్లు ఎన్‌క్రిప్షన్ టిక్ పెట్టి వెళ్లిపోతారు, ఓనరుకు ఆ ముక్కే తెలియదు. కంప్యూటర్‌లో బాగానే ఉన్న పేరు అక్కడెందుకు పోదో ఎవరికీ అంతుపట్టదు.

పేరు బిల్ బుక్ నంబరు, ఊరితో సరిపెట్టండి. పెళ్లివాళ్ల పూర్తి పేర్లు లోపల ఒక నోట్‌ప్యాడ్ ఫైల్‌లో రాసుకోండి. పొడవు పేర్లే కావాలంటే, 2023లో వచ్చిన డీఎస్ఎం (సైనాలజీ పెట్టెను నడిపే సాఫ్ట్‌వేర్) 7.2 నుంచి, మీ మోడల్‌లో ఉంటే, ఫోల్డర్లన్నీ ఉండే డిస్కు భాగం, అంటే మొత్తం వాల్యూమ్‌నే ఎన్‌క్రిప్ట్ చేయొచ్చు. దానికి ఈ 143 గొడవ లేదు. కానీ అది వాల్యూమ్ తయారుచేసేటప్పుడే పెట్టాలి. ఉన్న డేటా బయటికి తీసి మళ్లీ ఎక్కించాలి కాబట్టి మూఢంలో పెట్టుకోండి, మాఘమాసంలో వద్దు.

మిగతావి అరుదు. ఫోల్డర్లో ఫోల్డరు పెట్టుకుంటూ పోతే దారి మొత్తం 260 గుర్తులు దాటి విండోస్ మొరాయిస్తుంది; లోపలి ఫోల్డర్లను పైకి జరపండి. మ్యాక్‌లో పెట్టిన పేరు విండోస్‌లో పిచ్చిపిచ్చిగా కనిపిస్తే చివర చుక్కో ఖాళీయో ఉంటుంది, తీసేయండి. 4 జీబీ దాటిన వీడియో ఒక్కటే ఆగితే ఎన్‌ఏఎస్ వెనక గుచ్చిన పెన్‌డ్రైవ్ ఎఫ్ఏటీ32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటుంది; అది అంత పెద్ద ఫైల్ తీసుకోదు.