పోలింగ్ కేంద్రంలో ఓట్ల లెక్క తప్పకుండా చూసుకోవడం ఎలా?

మొదటిసారి ప్రిసైడింగ్ అధికారిగా, అంటే పోలింగ్ కేంద్రం బాధ్యత చూసే అధికారిగా, డ్యూటీ పడిన ఉపాధ్యాయులు ఎక్కువగా ఓటింగ్ యంత్రం మొరాయిస్తుందేమోనని భయపడతారు. యంత్రం చెడితే కొన్ని కేంద్రాలను పర్యవేక్షించే సెక్టార్ అధికారి మరొకటి తెచ్చి ఇస్తారు. కాగితం మీద తప్పిన లెక్క మాత్రం వరంగల్ ఎనుమాముల మార్కెట్ గోదాముల్లో ఓట్లు లెక్కించేనాడు బయటపడి అందరినీ ఇబ్బంది పెడుతుంది.

పోలింగుకు గంటన్నర ముందు మాక్ పోల్ (యంత్రాన్ని పరీక్షించే నమూనా ఓటింగ్) మొదలుపెట్టాలి. అభ్యర్థుల ఏజెంట్లు రాకపోతే పదిహేను నిమిషాలు చూస్తే చాలు. నోటాతో సహా ప్రతి గుర్తుకూ పడేలా కనీసం 50 ఓట్లు వేయించి, ఓట్లను నమోదు చేసుకునే కంట్రోల్ యూనిట్ ఫలితాన్ని, ఓటు ఎవరికి పడిందో అచ్చువేసే వీవీప్యాట్ చీటీలతో సరిచూడాలి. (2019లో నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి పసుపు, ఎర్రజొన్న రైతులు పెద్ద సంఖ్యలో పోటీకి దిగగా 185 మంది అభ్యర్థులకు, ఓటరు మీట నొక్కే బ్యాలెట్ యూనిట్లు 12 పెట్టవలసి వచ్చింది, అక్కడ 50 ఓట్లు ఏ మూలకూ చాలవు.) అసలు ప్రమాదం మాక్ పోల్ ముగిశాకే ఉంది. బయట వరుస పెరుగుతూ, ఏజెంట్లు తొందరపెడుతున్న వేళ 'క్లియర్' నొక్కడం మరచిపోతే మాక్ ఓట్లు అసలు ఓట్లలో కలిసిపోతాయి. అందుచేత క్లియర్ చేసి, 'టోటల్' నొక్కి, సున్నా వచ్చిందని ఏజెంట్లకు చూపించి, ధ్రువపత్రం మీద సంతకాలు తీసుకున్నాకే సీలు వేయాలి. వీవీప్యాట్ పెట్టెలోని మాక్ చీటీలను కూడా తీసి, వెనుక ముద్ర వేసి, నల్ల కవరులో భద్రపరచాలి.

పోలింగ్ సాగుతుండగా, వచ్చిన ఓటర్లను నమోదు చేసే 17ఎ రిజిస్టరులోని చివరి క్రమసంఖ్యను యంత్రం చూపే మొత్తంతో గంటకోసారి పోల్చుకోవడం మంచిది; తేడా ఉదయమే కనబడితే కారణం ఇంకా గుర్తుంటుంది. తన ఓటు ఎవరో వేసేశారని వచ్చిన వ్యక్తిని వెనక్కి పంపకూడదు. గుర్తింపు నిజమైతే యంత్రం మీద కాక, టెండర్ బ్యాలెట్ పత్రం మీద ఓటు వేయించి, ఆ వివరాన్ని వేరే జాబితాలో రాయాలి.

2023 శాసనసభ ఎన్నికల్లో ములుగు, భూపాలపల్లి, మంథని వంటి చోట్ల సాయంత్రం 4 గంటలకే పోలింగ్ ముగిసింది. ముగింపు సమయం ఎప్పుడైనా, అప్పటికి వరుసలో నిలబడినవారికి చివరి వ్యక్తి నుంచి మొదలుపెట్టి చీటీలు పంచితే కొత్తవారు చేరే వీలుండదు. అందరూ ఓటేశాక 'క్లోజ్' నొక్కి, పోలైన ఓట్ల లెక్క చూపే ఫారం 17సి నింపాలి. రిజిస్టరులో నమోదైనవారిలోంచి ఓటు వేయకుండా తిరిగిపోయినవారిని, గోప్యత ఉల్లంఘించినందుకు అనుమతి పొందనివారిని తీసివేస్తే వచ్చే సంఖ్య యంత్రం చూపే మొత్తంతో కలవాలి. కలవకపోతే అంకెను సర్దే పని పెట్టుకోకుండా, ఉన్నది ఉన్నట్లు నమోదు చేసి ప్రిసైడింగ్ అధికారి డైరీలో కారణం రాయాలి. ప్రతి ఏజెంటుకూ ఫారం 17సి నకలు ఒకటి ఇచ్చి రసీదు తీసుకోవాలి. లెక్కింపు బల్ల దగ్గర వాళ్లు పట్టుకునేది ఆ కాగితాన్నే.