సరకు బండి ఏ దుకాణానికి ముందు వెళ్ళాలి? వరస కుదుర్చుకునే పద్ధతి

తిరుపతిలో దుకాణాలకు సరకు వేసే బండ్లు ఒకే పూటలో ఒకే వీధికి రెండుసార్లు రావడం తరచుగా చూస్తున్నాను. బయలుదేరే ముందే వరస కుదుర్చుకుంటే ఆ వృథా తిరుగుడు ఉండదు.

కావలసినవి పట్టణ పటం, పెన్సిలు, రబ్బరు, ఆర్డర్ల జాబితా. పటం కాగితం మీదే ఉండాలి. ఫోనులో ఊరంతా ఒక్క చూపులో కనబడదు. గోదామును, దుకాణాలను చుక్కలతో గుర్తించి, ఫలానా వేళకే సరకు అందాలన్న వాటి పక్కన ఆ వేళ రాయండి.

అసలు కష్టం వరస దగ్గరే ఉంది. పది దుకాణాలను 36,28,800 రకాలుగా వరసపెట్టవచ్చు కనుక అన్నింటినీ చేత్తో పోల్చి చూడలేము. పేర్లన్నీ ఎక్కిస్తే గూగుల్ మ్యాప్స్ చూసుకుంటుందని కొందరు నమ్ముతారు గాని, అది మనమిచ్చిన వరసలోనే దారి చూపుతుంది. ఇంకొందరు ఎప్పటికప్పుడు దగ్గరున్న దుకాణానికి పోతుంటారు. మొదట్లో ఇది లాభంగానే కనిపిస్తుంది. అయితే దారికి కాస్త పక్కనున్నవి ఒక్కొక్కటే మిగిలిపోయి, చివరకు వాటి కోసం ఊరు ఆ కొస నుంచి ఈ కొసకు తిరగవలసి వస్తుంది.

ముందుగా రైలు పట్టాలను చూడండి. తిరుపతిని అవి రెండుగా చీలుస్తున్నాయి, దాటే చోట్లు కొన్నే. గోదాము కరకంబాడి రోడ్డులో ఉందనుకోండి. కొర్లగుంట, గాంధీ రోడ్డు పట్టాలకు గోదామువైపే ఉన్నాయి; తిరుచానూరు, పద్మావతీపురం రెండోవైపు ఉన్నాయి. గాంధీ రోడ్డు, తిరుచానూరు, కొర్లగుంట, పద్మావతీపురం అనే వరసలో వెళ్ళి తిరిగివస్తే పట్టాలను నాలుగుసార్లు దాటాలి. కొర్లగుంట, గాంధీ రోడ్డు, పద్మావతీపురం, తిరుచానూరు అని మార్చితే రెండుసార్లే దాటుతాము. పట్టాలకు ఒకవైపు పని పూర్తిగా ముగియనిదే రెండోవైపు వెళ్ళకూడదు.

తరువాత చుక్కలను వరసగా గీతలతో కలపండి. రెండు గీతలు కత్తెరలా ఒకదాన్నొకటి దాటాయంటే ఆ వరస తప్పినట్టే. మొదటి గీత చేరిన దుకాణం నుంచి రెండో గీత బయలుదేరిన దుకాణం దాకా ఉన్న పేర్లను తలకిందులుగా తిరగరాసి మళ్ళీ గీయండి. ఆ ముడి విడిపోతుంది. ఒక్కోసారి కొత్త ముడి పడవచ్చు, దాన్నీ అలాగే విప్పాలి. అయితే గీత దూరం, రోడ్డు దూరం ఒకటి కావు. అందుకని తిప్పిన భాగంలో వన్‌వేలు, బండిని మళ్ళించలేని సందులు ఉన్నాయేమో చూసి, రోడ్డు మీది కిలోమీటర్లు కూడి, తగ్గితేనే కొత్త వరస ఉంచుకోండి. ఈ పరీక్షను వదిలేసేవారే ఎక్కువ.

వేళ నియమం ఉన్న దుకాణాలను ఆ వేళకు కట్టేసి, మిగిలినవాటిని వాటి మధ్య సర్దండి. గోవిందరాజస్వామి బ్రహ్మోత్సవాల్లో వాహనసేవ సాగే వేళ గుడి చుట్టుపక్కల వీధులను, పద్మావతీ అమ్మవారి బ్రహ్మోత్సవాల ఆఖరి రోజైన పంచమీ తీర్థం నాడు తిరుచానూరును జాబితా నుంచి తీసి వేరే పూటకు మార్చడమే మేలు.

చివరగా లోడింగ్. ఆఖరున దించే సరకును ముందుగా, బండి లోపలికంటా ఎక్కించండి; మొదటి దుకాణం పెట్టెలు తలుపు దగ్గర ఉండాలి.