చల్లదనంతో 304 పైపొరను గట్టిపరచడం

బాలానగర్‌లో మా షెడ్డుకు వచ్చే కుర్రవాళ్లు ద్రవ నైట్రోజన్ అనగానే ఇన్సర్టు (లేతు టూలుకు బిగించే కోత మొన) ఎక్కువ కాలం మన్నుతుందనే ఆలోచిస్తారు. 304 స్టెయిన్‌లెస్ స్టీలులో నాకు అక్కరకొచ్చే గుణం వేరు. చల్లగా ఉండగా బలంగా నొక్కితే దానిలోని ఆస్టెనైట్ (అయస్కాంతం అంటని మెత్తని లోహ నిర్మాణం) కొంత మార్టెన్‌సైట్‌గా (అయస్కాంతం అంటే గట్టి నిర్మాణంగా) మారుతుంది. అంటే కొలిమి అవసరం లేకుండా, టర్నింగ్‌లోనే, అంటే లేతు మీద తిప్పుతూ కోయడంలోనే, పైపొర గట్టిపడుతుంది. 316 అనే మరో స్టెయిన్‌లెస్ రకం ఇంత తేలిగ్గా మారదు. దాని మీద ఇందుకోసం నైట్రోజన్ పోయడమంటే డబ్బును ఆవిరి చేసుకోవడమే.

ముందు మామూలు కూలెంటుతో రఫింగ్ (ముతక కోత) ముగించి, వ్యాసంలో అర మిల్లీమీటరు మిగల్చండి. జాబ్‌ను (కోస్తున్న ముక్కను) పొడిగా తుడవండి, లేకపోతే తడి గడ్డకట్టి, ఆ మంచు టూలు కిందికి చేరుతుంది. తర్వాత ఇన్సర్టు మొనను మాత్రమే కాదు, జాబ్‌ను కూడా చల్లబరచాలి. చాలామంది తప్పేది ఇక్కడే. ద్రవ నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీల దగ్గర మరుగుతుంది కదా అని ధీమా పడతారు గాని, కోతలో పుట్టే వేడి ఆ కాస్త చోట చల్లదనాన్నంతా మింగేస్తుంది. అందుకే వేగం తగ్గించండి. మరీ తగ్గిస్తే మొనకు లోహం అంటుకుని ఉపరితలం చిరుగుతుంది.

ఇక ఫీడ్, అంటే జాబ్ ఒక చుట్టు తిరిగేసరికి టూలు జరిగే దూరం. పెంచితే ఒత్తిడి పెరిగి గట్టిపొర లోతుగా దిగుతుంది, కానీ నునుపు పోతుంది. ఫీడ్ వర్గాన్ని నోస్ రేడియస్‌కు (ఇన్సర్టు మొన గుండ్రదనపు వ్యాసార్ధానికి) ఎనిమిది రెట్లతో భాగిస్తే కోత గీతల ఎత్తు వస్తుంది; కొలతలన్నీ మిల్లీమీటర్లలోనే. 0.8 రేడియస్‌తో 0.1 ఫీడ్‌కు సుమారు 1.6 మైక్రాన్లు, 0.2కు 6.25. ఫీడ్ రెట్టింపైతే గరుకు నాలుగింతలన్నమాట. నేను 1.2 రేడియస్, 0.15 ఫీడ్ వాడతాను. అంచు కత్తిలా కాక కాస్త గుండ్రంగా ఉన్న ఇన్సర్టు మేలు, అది కోస్తూనే నొక్కుతుంది. సన్నని పొడవాటి షాఫ్టు అయితే పెద్ద రేడియస్ అదురు తెస్తుంది, జాగ్రత్త.

చల్లగా ఉండగా మైక్రోమీటరు పెట్టకండి. 50 మిల్లీమీటర్ల షాఫ్టు వంద డిగ్రీలు చల్లబడితే వ్యాసం దాదాపు 0.08 తగ్గుతుంది. గది వేడికి వచ్చాక, పైన పట్టిన చెమ్మ తుడిచి కొలవండి. వానాకాలంలో ఈ తుడుపు పని ఎక్కువే.

దారానికి కట్టిన చిన్న అయస్కాంతం మంచి తనిఖీ. ముందు అంతగా పట్టించుకోనిది, తర్వాత టక్కున అంటుకుంటే మార్టెన్‌సైట్ వచ్చినట్టే. ఎంత గట్టిదో మాత్రం అది చెప్పదు. గట్టిదనం కొలిచే రాక్‌వెల్ సి పరీక్ష కూడా పనికిరాదు, దాని మొన పలుచని పొరను దాటి లోపలి మెత్తదనాన్నే చూపిస్తుంది. తక్కువ బరువుతో నొక్కి కొలిచే వికర్స్ పరీక్ష చేయించండి. లోతు కావాలంటే నమూనాను అడ్డంగా కోసి, అంచు నుంచి లోపలికి వరుసగా కొలిపించండి.

షెడ్డు షట్టరు తెరిచే ఉంచండి. లీటరు ద్రవం దాదాపు ఏడు వందల లీటర్ల వాయువవుతుంది, ప్రాణవాయువును పక్కకు నెట్టేస్తుంది. ఆక్సిజన్ మీటరు 19.5 శాతానికి దిగితే బయటికి రండి. నైట్రోజన్ పాత్ర మూత ఎప్పుడూ బిగించవద్దు.

డ్రాయింగులో అయస్కాంతం అంటకూడదని ఉన్నా, తర్వాత వెల్డింగ్ ఉన్నా ఈ పద్ధతి వద్దని ముందే చెప్పేయండి. వెల్డింగ్ వేడికి మార్టెన్‌సైట్ మళ్లీ ఆస్టెనైట్ అయిపోతుంది.