చిన్న ఉపగ్రహాల రాకెట్ - 3వ పాఠం: ఏ దశలో కిలో ఎంత ఖరీదు?

ఒక్కో భాగం బరువు రాసుకున్న పట్టిక చేతిలో ఉంది కాబట్టి, మన రాకెట్ కక్ష్య చేరుతుందో లేదో ఇప్పుడు తేల్చుదాం. 500 కి.మీ. ఎత్తున తిరగడానికి సెకనుకు 7.6 కి.మీ. వేగం చాలు. దారిలో భూమ్యాకర్షణ, గాలి మింగేసేది కలిపితే దాదాపు 9.4 కావాలి.

దశ అంటే సొంత ఇంజిన్, ఇంధనం ఉండి, పని అయ్యాక విడిపోయే రాకెట్ ముక్క. ఒక దశ ఇచ్చే వేగం = వాయువులు చిమ్మే వేగం × ఎల్ఎన్ (మండకముందు బరువు ÷ మండాక బరువు). ఎల్ఎన్ (ln) అంటే సహజ సంవర్గమానం. కాలిక్యులేటర్‌లో ‘లాగ్’ బటన్ నొక్కకండి. జవాబు సగం కూడా రాదు, అనవసరంగా మూడో దశ తగిలించుకుంటారు.

కిరోసిన్, ద్రవ ఆక్సిజన్‌తో నడిచే రెండు దశల రాకెట్ తీసుకుందాం. హీట్‌షీల్డ్‌ను (ఉపగ్రహాలను కప్పే ముక్కు తొడుగును) ప్రస్తుతానికి పక్కన పెడదాం.

రెండో దశ: ప్రొపెల్లెంట్ (కిరోసిన్, ఆక్సిజన్ కలిపి) 2,000 కిలోలు, ఖాళీ బరువు 250, ఉపగ్రహాలు 200. 2,450 ÷ 450 = 5.44, ఎల్ఎన్ 1.695. చిమ్మే వేగం సెకనుకు 3.36 కి.మీ. అయితే ఈ దశ ఇచ్చేది 5.69 కి.మీ.

మొదటి దశ: ప్రొపెల్లెంట్ 9,200, ఖాళీ బరువు 950. పైదశతో కలిపి 12,600 ÷ 3,400 = 3.71; ఎల్ఎన్ 1.31. సగటు చిమ్మే వేగం 3.0 అనుకుంటే 3.93.

మొత్తం 9.62. గట్టెక్కాం.

ఇప్పుడు రెండో దశ ఖాళీ బరువు 50 కిలోలు పెంచి చూడండి: 9.31కి పడిపోతుంది, కక్ష్య గల్లంతు. అదే 50 కిలోలు మొదటి దశలో పెంచితే 9.59, ఏమీ కాదు. పైదశ ఖాళీ బరువు చివరిదాకా మోయాల్సిందే, అందుకే ఈ తేడా. రాకెట్ ల్యాబ్ సంస్థ వారి ఎలక్ట్రాన్ రాకెట్‌లో ఇంజిన్‌కు ప్రొపెల్లెంట్ అందించే పంపులు బ్యాటరీలతో తిరుగుతాయి. రెండో దశ మండుతుండగానే, వాడేసిన బ్యాటరీలను కిందికి వదిలేస్తారు. వదలాల్సింది వదలకపోతే ఏమవుతుందో అమెరికా రాకెట్ టారస్ ఎక్స్ఎల్ రెండుసార్లు చూపించింది. 2009లోనూ 2011లోనూ హీట్‌షీల్డ్ విడిపోలేదు. ఆ బరువుతో నాసా ఉపగ్రహాలు కక్ష్య అందుకోలేక సముద్రంలో పడ్డాయి.

మీ పట్టికలో బరువు పెరిగేది ఇంజిన్ దగ్గర కంటే వైర్లు, బ్రాకెట్లు, బోల్టులు, జిగురు దగ్గరే ఎక్కువ. ఒక్కొక్కటి పిసరంతే కాబట్టి ఎవరూ రాసుకోరు.

అభ్యాసం: రెండు దశల ఖాళీ బరువులకూ 15 శాతం కలిపి మళ్లీ లెక్క వేయండి. 9.4 దక్కాలంటే ఉపగ్రహాల బరువు ఎంతకు తగ్గించాలి? జవాబు 180 కిలోలకు కాస్త అటూఇటూ రావాలి.